మొలతాడు కింద

పొద్దు కొండెనక్కి జారేటప్పుడు
జీవాలు దొడ్డికొస్తాయి, వాటెనకాల పిల్లోళ్లు.
కాళ్లు కడుక్కోమనే దానికంటే ముందే
"చొక్కా విప్పరా" అంటాను.

చెంగల్రాయుడికి ఈ మధ్య సిగ్గెక్కువైంది,
రెండో తరగతి గదా.
లైటు కింద చేతులు పైకెత్తి నిలబడతాడు
పోలీసులకు దొరికిన దొంగ మాదిరి.

చంకలు. చెవుల వెనక. మెడ మడత.
మోకాలి వెనక గుంత.
ఆఖర్న మొలతాడు కొంచెం పైకి జరిపి
దాని కింద.

పోయిన కార్తీకంలో నేను చూడంది ఆడే.

తొమ్మిది దినాలు పెనం మాదిరి కాలినాడు.
గాలి సోకిందన్నారు, ఎర్రదారం కట్టించినాం.
పదో దినం కండ్లు తేలేసి
కొయ్యబారిపోయినాడు.

భాకరాపేట నుంచి తిరుపతి పెద్దాసుపత్రి దాకా
ఆటోలో వాడి పండ్ల మధ్య నా వేలు.

మా చెల్లెలి ఈడు డాక్టరమ్మ
గుడ్డలన్నీ తీసేసి వెతికింది,
పోయిన ముక్కుపుల్లను చాప సందుల్లో వెతికినట్టు.
మొలతాడు జరిపింది.
బీడీతో చురకేసినట్టు నల్లటి చెక్కు.
నొప్పి లేదు, దురద లేదు,
అందుకే వాడు చెప్పలా.

"పొదల్లో ఉంటుందమ్మా, కంటికి ఆనని పురుగు.
కుట్టిందని కూడా తెలీదు. జ్వరం మాత్రం మెదడు దాకా పాకింది."

దిష్టి తగలకుండా నేనే కట్టిన తాడు.
దినామూ నీళ్లు పోసింది నేనే.
చూడంది నేనే.

మందు చవకంట.
మూడో దినమే పోయింటే...
ఆ మాట ఇంకా పూర్తి చెయ్యలేను.

బతికినాడు. ఎడమ చెవి మాత్రం
ఆడే వదిలేసొచ్చినాడు.
పిలవాలంటే కుడిపక్కకు పోతాను.

ఇప్పుడు తంగేడు పొదల మీద గుడ్డలారెయ్యను.
నిండు చేతుల చొక్కా తొడిగి,
గడ్డిలో కూచోవద్దని గోనెపట్ట ఇచ్చి పంపిస్తాను.
వాడు దాన్ని మేకపిల్లకు కప్పుతాడు.

వీధిలో నాకు పిచ్చన్నారు.
అయినా వెంగమ్మ మనవరాలు, గుర్రప్ప కవలలు
మా గడప కాడ వరసలో నిలబడతారు,
ఎవరి చొక్కా వాళ్లు చేత్తో పట్టుకుని.

ఈ పూట
తాడు కింద నల్లటి చుక్క.
నా ఊపిరి ఆడే నిలిచిపోయింది.
గోటితో గీరితే రాలింది:
చేన్లో కాల్చుకు తిన్న చెనిక్కాయల మసి.

వాడు కితకితలకు మెలికలు తిరిగి నవ్వుతా,
కుడి చెవి నాపక్కకు తిప్పి,
"అయిపోయిందా మా?" అంటాడు.

ఇంకో కాలు చూడాల.