తాళంచెవి సరైనదే

లైప్‌జిగ్‌లో మంచు. రిపేరు కొట్టులో హీటరు మీద
వీబ్కె తడి గ్లౌజులు ఆవిరి కక్కుతున్నాయి.
నల్ల తెర. ఒక్కటే ప్రశ్న: పాస్‌వర్డ్?
పదకొండోసారీ కాదు పొమ్మంది.

"డిస్కు పోయిందా?"
టోర్బెన్ పలకడు. పెన్‌డ్రైవ్‌తో లేపి
లోపలికి తొంగిచూస్తాడు.
గుండ్రాయిలా ఉంది డిస్కు,
తాళం కప్ప చెక్కుచెదరలేదు.

నిన్న రాత్రే అప్‌డేట్ అయిందట.
"మీ పాస్‌వర్డ్‌లో జెడ్ ఉందా?
చెప్పకండి, తల ఊపండి చాలు."
ఊపింది.

"అయితే జెడ్ బదులు వై నొక్కండి.
ఇంకా నిద్రమత్తులో ఉంది,
తలుపు తీశాకే దీనికి జర్మన్ గుర్తొస్తుంది."

నొక్కింది. ఫ్యాను తిరిగింది.

"పొద్దుట్నుంచీ నేను సరిగ్గానే కొడుతున్నా కదా!"
అంది మెషీన్‌తో,
కోపంగా, చాలా మెల్లగా.

టోర్బెన్ బిల్లు రాయలేదు.
హీటరు మీది గ్లౌజుల్ని
రెండోవైపుకి తిప్పి వేశాడు.