చెట్టెక్కని కల్లు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల గోడ బయట
వానకు రాలిన నేరేళ్ళు
ఎవలవీ కావు.
స్కూటర్ల టైర్లకు అంటుకొని
తార్నాక దాకా ఊదా గీతలు గీస్తుంటయ్.
నైట్ డ్యూటీ దిగి వస్తూ
టిఫిన్ డబ్బా నిండ ఏరుకొచ్చిన, నాలుగు పొద్దులు.
బురద కడిగి, పుచ్చులు తీసేస్తే
మూడు కిలోలు మిగిలినయ్.

చక్కెర కిలోన్నర, డెబ్బై.
ఈస్టు, బేకరీ అతన్ని బతిమాలితే
పొట్లం కట్టి పది రూపాయలకిచ్చిండు.
"కేకా?" అన్నడు.
"అట్లాంటిదే" అన్న.
గుప్పెడు గోధుమలు ఇంట్లవే.
మూత పగిలిందని ఓనరమ్మ పారేసిన
నీళ్ళ క్యాను నాకు పనికొచ్చింది.

కింది వాటా ఫ్లోరీ ఆంటీ
రైల్వే ఆస్పత్రిల ముప్పై ఏండ్లు నర్సు.
మోకాళ్ళ నొప్పులు, పైకి రాలేదు.
మెట్ల మీద కూసోనే చెప్పింది:
"నీళ్ళు కాచి చల్లార్చు.
గోరువెచ్చగున్నప్పుడే ఈస్టు,
మరిగేదాంట్ల వేస్తే చచ్చిపోతది పాపం.
కలిపేది చెక్క గరిటెతోనే.
మూతి గట్టిగ బిగియకు బేటా,
లోపల ఊపిరి తీసుకునేటోళ్ళున్నరు."

మూతికి బెలూన్ సాగదీసి తొడిగిన,
పక్కింటి పిల్లగాని పుట్టినరోజుది, పసుపుపచ్చది.
సూదితోని ఒక్క చిల్లి.
అలవాటు కొద్దీ ల్యాబ్ స్టిక్కర్ అంటించిన:
పేరు, నేరేడు.
వయసు, సున్నా రోజులు.
శాంపిల్ తీసిన వేళ, తెల్లారి ఆరున్నర.
రిపోర్టు దగ్గర ఖాళీ.

మొదటి రోజు ఏం లేదు.
రెండో రోజూ లేదు.
పది రూపాయలు పాయె అనుకున్న.
మూడో రాత్రి కరెంటు పోయింది.
వంటింట్ల ఎవరో గుసగుసలాడుతున్నరు.
ఫోన్ లైటేసి చూస్తే
బెలూన్ లేచి నిలబడ్డది, కొంచెం ఒక పక్కకు ఒరిగి,
పెండ్లిల పాగా చుట్టుకున్న మేనమామ తీరు.
క్యానుకు చెవి ఆనించిన.
చిటపట. చిటపట.
రాత్రంతా నెత్తురు గొట్టాలకు నంబర్లేసే నేను
ఆ చప్పుడు ఎంతసేపు విన్ననో తెలవదు.
కరెంటొచ్చి ఫ్యాను తిరిగినా లేవలే.

నాయినకు ఫోన్ చేసిన.
మోత్కూరు దిక్కు ఇంకా చెట్లు గీస్తడు,
నడుముకు మోకు, మొలకు కత్తి.
"ఏమేసినవ్?"
"పండ్లు, చక్కెర, ఈస్టు."
"ఎన్ని దినాలు?"
"ఇరవై ఒకటి. తర్వాత సీసాల మూడు నెలలు."
దగ్గొచ్చేదాక నవ్విండు.
"నేను పొద్దుగాల దించింది మాపటికే ముదురుతది.
చెట్టెక్కకుండ కల్లు, దానికి నెలలు కాసుక కూసోవాల్నా?"
కొంచెం ఆగి, వాన చప్పుడు వినబడేటట్టు,
"మంచిదే లే. దీంట్ల కాళ్ళు జారవు."

ఇరవై ఒకటో రోజు వడకట్టిన.
ఆంటీ కింద నుంచే అరిచింది:
"గుడ్డ పిండకు! దానంతట అదే దిగనీ!"
ఒక్కో చుక్క.
ఒక్కో చుక్క.
డ్యూటీకి టైమైతున్నది.
పిండిన.

అందుకే ఇది ఇట్ల మసకగున్నది,
లైటుకు పట్టి చూస్తే అవతల ఏం కనబడదు.
తాగితే ముందు వగరు, ఆ వెనుక పులుపు,
మింగినంక ఎప్పుడో, నాలుక మరిచిపోయినప్పుడు,
గొంతుల నేరేడు.
ఆంటీ స్టీలు గ్లాసుల పోసుకొని
చప్పరించి, కండ్లు మూసి,
"ఉల్లిగడ్డల మీద పోసుకో" అన్నది.
గ్లాసు మాత్రం తిరిగియ్యలే.

ఐదున్నర సీసాలు మంచం కిందికి జరిపిన.
ల్యాబుల తొడుగులు తీస్తే
నా వేళ్ళు ఇంకా ఊదాగనే ఉన్నయ్,
సూపర్వైజరు చూసి ఇది ఏ రియాజెంటు అని అడిగిండు.
రిపోర్టు దగ్గర పెన్ను పెట్టి, తీసేసిన.
మూతలు ఒక్క మలుపు వదులుగనే ఉంచిన.
పగలు పండుకున్నప్పుడు
వీపు కింద ఎక్కడ్నో
ఎవరో ఇంకా మాట్లాడుకుంటున్నరు,
నన్ను లేపకుండ, మెల్లగ.