పది నాలుగు కంటే చిన్నదైన మధ్యాహ్నం

ఆకివీడులో, చెరువు నీళ్ళు పరీక్షించే ల్యాబులో
గాజు గొట్టాలు కడిగే పని నాది.
కంప్యూటరు భాష నేర్చుకుందామనుకున్నది
ఆ పని మారదామని కాదు.
పోయిన శ్రావణంలో ఓ రాత్రి కరెంటు పోయి
ఏరియేటర్లు ఆగిపోయి
నాన్న గట్టు మీద కునుకు తీసి లేచేసరికి
రెండెకరాల రొయ్యా తేలిపోయింది.
అప్పట్నుంచి ఆయన నిద్ర మానేశాడు.
ఆయన బదులు మేలుకుని ఉండేదాన్ని
ఒకదాన్ని తయారుచేద్దామని.

మీటరు కొన్నాను, మూడు నెలల జీతం.
మరి దానితో ఏ భాషలో మాట్లాడాలి?

రివైండింగు షాపు సత్తారు గారిని అడిగాను.
రాగితీగ చుడుతూ, చుట్లు లెక్కపెడుతూ
నూట పన్నెండు దగ్గర ఆగి
"కష్టమైందే పట్టమ్మా, సీ నేర్చుకో.
మోటారు విప్పనోడికి చప్పుడే తెలుస్తుంది,
జబ్బు తెలీదు" అన్నారు.
తర్వాత లెక్క మర్చిపోయి
చుట్టిందంతా విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు.

ఐటీఐలో చెప్పే కమలరత్నం మేడం మాత్రం
"పైథాన్ చాలు నీకు.
ముందు దోనె తొయ్యడం రానీ,
లాంచీ ఇంజను తర్వాత విప్పుదువుగాని" అంది.
ఇద్దరూ నా మంచి కోరే చెప్పారు.
అదే చిక్కు.

భీమవరంలో పాత సీ పుస్తకం దొరికింది.
అట్ట లోపల ఎవరో అబ్బాయి
ఓ అమ్మాయి పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.
మొదటి పేజీ నుంచే ప్రశ్నలు.
ఈ గిన్నెలో ఏం పోస్తావు?
అంకా? దశాంశమా? అక్షరమా?
ఎంత చోటు కావాలి? పనయ్యాక చోటు తిరిగిచ్చేస్తావా?
వాక్యం చివర సెమీకోలన్ ఒక్కటి మరిస్తే
ఇరవై ఏడు తప్పులు చూపించింది.
పదకొండు రాత్రులు ఓర్చుకున్నాను.
పన్నెండో రాత్రి
దాన్ని మేత బస్తాల మీదకి గిరాటేశాను.

పైథాన్ అలా కాదు, ఏమీ అడగదు.
పెట్టింది తింటుంది.
ఊడ్పుల్లో మునుం తప్పనట్టు
వరసల ఎడం సరిగ్గా ఉంచితే చాలు.
పదిహేనే వరసలు:
ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే
నాన్న ఫోను మోగాలి.

మూడు రాత్రులు ఊరుకుంది.
నాలుగో రాత్రి రెండూ నలభైకి మోగింది.
మూడున్నర.
నాన్న జనరేటరు తాడు లాగిన చప్పుడు
ఇంట్లోంచి విన్నాను.
ఆ పూట నా అంతటిది లేదు.

ఐదో రోజు, మధ్యాహ్నం మూడింటికి
పెళపెళా ఎండ కాస్తుంటే మళ్ళీ మోగింది.
నాన్న చేతిలో ముద్ద కంచంలో వదిలేసి
చెప్పుల్లేకుండా గట్టెంట పరిగెత్తాడు.
నీళ్ళు పచ్చగా, చల్లగా ఉన్నాయి.
రొయ్యలు గంతులేస్తున్నాయి.
మీటరు మీద పది పాయింటు రెండు.
"ఆయ్, మీ యంత్రానికి వడదెబ్బ తగిలిందండీ"
అని పక్క చెరువు పెదబాబు నవ్వాడు.

రాత్రంతా వెతికాను.
అది పదిని పది అనుకోలేదు,
హాజరుపట్టీలో పేరనుకుంది.
మొదటి అక్షరం చూసింది.
ఒకటి నాలుగు కంటే ముందొస్తుంది కదా,
అందుకని పది చిన్నది.
అది అంకె అని నేను చెప్పలేదు.
చెప్పమని అది అడగలేదు.

ఒక్క మాట మార్చాను, సరిపోయింది.
నాన్నకి చెప్పాను, తప్పు నాదేనని.
"ఉత్తినే మోగితే ఏం పోయిందే.
ఉత్తినే ఊరుకుంటేనే..."
అని మాట పూర్తి చెయ్యకుండానే
మంచం మీద వాలాడు.
శ్రావణం తర్వాత ఆయన గురక
మళ్ళీ ఇప్పుడే విన్నాను.

ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
బస్తాల మీది పుస్తకం తీసి
మేత పొడి దులిపాను.
ఈ గిన్నెలో ఏం పోస్తావు? అంది మొదటి పేజీ.
"దశాంశం" అన్నాను, పైకే.
చీకట్లో
చెరువులో ఏదో ఎగిరి పడింది.