పదిహేడో ప్రశ్న

కువైట్‌లో ఆ ఉదయం దుమ్ము లేచింది.
రెండొందల పన్నెండు కాగితాలు జిరాక్సు తీయించి
ఫర్వానియా నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని పోతే
క్లాసులో నలభై ముగ్గురు.
అనుకోనివి జరిగితే పిల్లలేం చేస్తారో
కొలవడానికి వెళ్లినదాన్ని,
నాకే ముప్పావుగంట ఆలస్యం.
దానికి నా కాగితంలో గడి లేదు.

ఒకటంటే అస్సలు ఒప్పుకోను.
ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటాను.
"తలవని తలంపుగా వచ్చిన అవకాశాన్ని వదులుకోను."
"ప్లాను చెడితే కంగారు పడను."
ఇట్లాంటివి ఇరవైనాలుగు.
పెన్నుల చప్పుడు.
ఏసీ లోంచి సన్నగా ఇసుక రాలుతోంది,
కాగితం మీద వేలు ఆనిస్తే వేలు అచ్చుపడుతోంది.

ఖాజావలి, అకౌంట్స్, రెండో సంవత్సరం.
రాయచోటి వాళ్లు, తను పుట్టింది మాత్రం ఇక్కడే.
పదహారు దాకా గబగబా చుట్టి
పదిహేడు దగ్గర ఆగిపోయాడు.
"మా కుటుంబంలో ఎవరి ఉద్యోగమూ కాకతాళీయం కాదు."
ఒకటికి సున్నా చుట్టాడు.
ఐదుకీ చుట్టాడు.
పక్కనున్న ఖాళీలో
వాళ్లమ్మ నేర్పిన తెలుగులో, సగం తలకట్లు లేకుండా:

"వీసా మా చిన్నాయనకు రావల్ల మేడం.
ఎక్స్‌రేలో మచ్చ కనపడింది.
ఏజెంటు ఆఫీసు బయట సైకిలు పట్టుకోని నిలబడినోన్ని
మా నాయన్ని పిలిచి, నువ్వు పోతావా అన్నారంట.
ఆర్నెల్లకు మళ్లీ తీపిస్తే మచ్చ లేదు.
మా నాయన్నడిగితే రాసిపెట్టిందంటాడు.
చిన్నాయన్నడిగితే టీవీ సౌండు పెంచుతాడు.
ఎంత వేసుకోమంటారు?"

కాగితాలు తీసుకునేటప్పుడు నేనేమీ అనలేదు.
మనం నేర్పకూడదు, నవ్వకూడదు, తల ఊపకూడదు.
నియమం.

"రెండు చుట్టినవి చెల్లవు, తీసెయ్యండి" అన్నారు గైడు,
ఫోన్లో, ఏదో తింటూ.
తీసేశాను.
ముప్పై ఎనిమిదో వరసలో పదిహేడో గడి ఖాళీ అయింది.
సాఫ్ట్‌వేరు ఖాళీని ఖాళీగా ఉంచదు,
అక్కడో చుక్క పెట్టింది.
ఎంత జూమ్ చేసినా అది చుక్కే.

సగటు మూడు పాయింట్ ఆరు.
పిల్లలు అనుకోనిదాన్ని ఓ మాదిరిగా తట్టుకుంటున్నారు,
అని రాశాను. తప్పేమీ కాదు.

వారం తర్వాత వాళ్ల మామ బకాలా కౌంటర్లో కనపడ్డాడు.
లబాన్ డబ్బాకు బిల్లు కొడుతూ
"మేడం, నాకెన్ని మార్కులు?" అన్నాడు.
మార్కులుండవురా అన్నాను.
చిల్లర తీసుకుని బయటికొచ్చేశాను.

అడగాల్సింది అది కాదు.
ఆ సాయంత్రం ఏజెంటు ఆఫీసు నుంచి
ఆ సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోయిందెవరు?