జ్వరం రాని బండి

"గాలి వస్తాండాదన్నా,
ఎచ్చదనమే రాలే"
అనింది తిప్పక్క, సుమో తాళాలు నా చేతిలో పెడుతూ.

నవ్వొచ్చింది నాకు.
కళ్యాణదుర్గంలో ముప్పై ఏండ్లుగా పానా పట్టుకున్నోణ్ణి,
ఏసీ చల్లగా లేదని ఏడ్చినోళ్ళనే చూసినా.
హీటరు కావాలన్నోళ్ళు
ఈ బైపాసు మొగానికి ఇంతవరకూ రాలే.
ఎండను దుడ్డిచ్చి కొనేదెవరు ఈ ఊళ్ళో?

వెనక తలుపు తీసి చూపించింది.
సీట్లు లేవు. ట్రేల మీద ట్రేలు.
తరిగిన మల్బరీ ఆకు, ఆకు మీద
నూలుపోగు తుంపుల మాదిరి చాకీ పురుగులు.
రెండో జ్వరం నుంచి లేస్తాండాయంట.
"తెల్లారుజామున మూడుకు బయల్దేరి
బెళుగుప్ప దాకా పోవాల. ఈ డిసెంబరు చలికి
మొన్న ఒక ట్రే బిగుసుకపాయ.
రైతుకేం చెప్పేది, నా బండి చల్లగుండాదనా?"

నవ్వు మింగేసినా.

బానెట్ ఎత్తితే
కూలెంటు నిండుగా ఉంది, వాన పడిన జొన్నచేనంత పచ్చగా.
గాలి బుడగ ఇరుక్కునిందేమో అని
మూత తీసి, ఇంజను ఆడించి, పైపు పిసికినా.
ఒక్క బుడగా పైకి రాలే.
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోని తీగ లాగి చూసినా.
లోపలి రెక్క తెరుచుకుంటాంది, మూసుకుంటాంది,
మా ఇంటి తలుపు కంటే బుద్ధిగా.
ఫ్యాను విప్పితే ఒక చింతాకు, రెండు మల్బరీ కాడలు,
ఎవరిదో పసుపు దారం.

హీటరుకు పోయే గొట్టాలు రెండు.
నాడి చూసేదంటే ఇదే.
ఒకటి కాలి ఇంకోటి చల్లగుంటే లోపల పూడిక.
రెండూ కాలుతుంటే గాలి దారిలో తప్పు.
ఇవి రెండూ ఒకే తీరు,
పొద్దున కాచి మర్చిపోయిన పాల మాదిరి.

ఓబుళేసును శెట్టూరు రోడ్డులో పది కిలోమీటర్లు తోలుకోని రమ్మన్నా.
వచ్చి చెప్పినాడు:
"ముల్లు కదల్లేదన్నా. అడుగునే పండుకోనుంది."

పురుగులకు జ్వరం వస్తాది, దీనికి రాదు.
ఇంజనే వేడెక్కకుంటే
హీటరు ఎవరి దగ్గర అప్పు తెస్తాది?

థర్మోస్టాట్ మూత, రెండు బోల్టులు.
విప్పినా.
లోపల ఉండాల్సిన బిళ్ళ లేదు. స్ప్రింగు లేదు.
ఆపేవాళ్ళు లేక నీళ్ళు
జాతరలో తప్పిపోయిన పిల్లోళ్ళ మాదిరి తిరుగుతాండాయి.

"ఏ పుణ్యాత్ముడు పీకినాడన్నా?" అనె ఓబుళేసు.

నేను గ్యాస్కెట్టు చూస్తాండా.
అంగట్లో దొరక్క చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి వేసింది.
ఎడమ మూల వంకర.
ఎడమ మూల ఎక్కువ కోసేది నాకే అలవాటు,
నా బొటనవేలు సరిగ్గా వంగదు.

ఆరేండ్ల కింద, మే నెల.
అప్పుడు ఈ సుమో పెండ్లిండ్లకు బాడుగకు పోయేది.
గుట్ట ఎక్కుడులో పొగలు కక్కితే
"ఈ ఎండల్లో ఇదెందుకు అడ్డం" అని పీకి
డబ్బాలోకి విసిరింది నేనే.
ఒక్క ఈ బండికేనా?
ఎండాకాలం ఒక్కటే కాలమనుకోని
వచ్చిన ప్రతి బండికీ అదే వైద్యం.

డబ్బా బోర్లించినా.
తుప్పులో వెతికి, కొలతకు సరిపోయే బిళ్ళనొకదాన్ని
కిరసనాయిలుతో కడిగి
నాగరత్న టీ అంగట్లో మసిలే నీళ్ళలో వేసినా.
టీ తాగేటోళ్ళు గ్లాసులు ఆపి చూస్తాండారు.
చానాసేపు ఏం లేదు.
తర్వాత మెల్లగా,
నిద్ర చాలని పిల్లోని మాదిరి, కన్ను తెరిచింది.
బయటికి తీస్తే మళ్ళీ మూసుకునె.

బిగించి తోలితే ఆరో కిలోమీటరుకు
ముల్లు సగానికొచ్చి నిలబడింది.
ముందర గాలి నా మోకాళ్ళకు ఎచ్చగా తగిలె.

"ఎంతన్నా?" అనింది తిప్పక్క.
"అట్ట ముక్క ఖర్చే."
"పీకినోడు ఎవరో తెలిసిందా?"
"తెలిసింది."
నా చేతుల పక్క చూసి ఇంకేం అడగలే.

మూడుకు మెలకువొచ్చింది నాకు.
బైపాసు మీద డీజిలు చప్పుడు, బెళుగుప్ప పక్కకు.
దుప్పటి కప్పుకోని లేచి
షెడ్డులో లైటు వేసి లెక్కపెట్టినా.
డబ్బాలో ఇంకా పదకొండు ఉన్నాయి.
ఏ బండివి ఏవో, ఒక్కటీ గుర్తులేదు.