ఇంకొకటి

ఫిషింగ్ హార్బర్ గేటు పక్కన నా టీ కొట్టు.
తెల్లారగట్ట మూడింటికి స్టవ్ వెలిగిస్తాను.
మొదటి గ్లాసు ఎల్లాజీది.
చేతికివ్వనివ్వడు, బల్ల మీద పెట్టమంటాడు.
నా వేళ్ళు తగిలితే చాలు,
రాత్రంతా నా మోకాళ్ళు ఎంత సలిపాయో
అతని మోకాళ్ళకి తెలిసిపోతుంది.

అతని బలం సంగతి మీరు వినే ఉంటారు.
కాన్వెంట్ జంక్షన్‌లో బొగ్గు లారీ కింద
ఒకామె కాలు ఇరుక్కుంటే
మంచం కోడు ఎత్తినట్టు
ఒంటిచేత్తో లారీని ఎత్తాడు.
అందరూ చప్పట్లు కొట్టారు.
నేను మాత్రం కింద చూశాను.
ఎత్తినంతసేపూ అతని ఎడమకాలు వణుకుతూనే ఉంది.
ఏ దెబ్బా తగలని కాలు.
తర్వాత జనం డ్రైవర్ మీద పడబోతే
అడ్డంగా నిలబడి అన్నాడు:
"ఈడు రెండు రాత్రులై పడుకోలేదర్రా,
నా కళ్ళు మండిపోతన్నాయి."

అందుకే మనవరాలు
"ఎల్లాజీ మావ చెడ్డోడైపోతే ఎలాగ మామ్మా?"
అని అడిగినప్పుడు నవ్వేశాను.
ఎవర్ని గిల్లినా తనకే నొప్పి పుట్టేవాడు
ఎవర్ని గిల్లుతాడే పిచ్చిదానా, అన్నాను.

తప్పు చెప్పాను.

వేట లేని రోజులవి. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి.
పంచదార కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను.
షావుకారు తన కొట్లో పనికుర్రాణ్ణి
తాటిపట్టెతో వాయిస్తున్నాడు.
ఎక్కడినుంచి వచ్చాడో ఎల్లాజీ,
ముందు అతని వీపు వంగింది,
ఆ తర్వాతే చెయ్యి లేచింది.
ఒక్క దెబ్బకి షావుకారు దవడ పక్కకి జరిగింది.
ఎల్లాజీ తన దవడ పట్టుకుని మూలిగాడు.
హమ్మయ్య, తెలిసింది కదా, ఆగుతాడనుకున్నాను.
ఆగలేదు.

నొప్పి తెలిసినవాడికే
ఎక్కడ కొడితే ఎంత నొప్పో బాగా తెలుసు.

పదకొండు రోజులు ఇటు రాలేదు.
వచ్చినరోజు బల్ల మీద కూర్చుని
సముద్రం వైపు తిరిగి చెప్పాడు:
"నా దవడ నిజంగానే పగిలిపోయినట్టుంది అప్పా.
కానీ ఆ గుంటడి గుండెలో పండగ.
చుట్టూ మూగినోళ్ళ గుండెల్లో పండగ.
అంత సంతోషం నానెప్పుడూ ఎరగను.
దాని ముందు
ఒక్కడి నొప్పి ఏపాటిది?"

కాసేపు ఆగి,
"ఎవరో ఆడమనిషి, ఇంకొకటి! ఇంకొకటి! అని అరిచింది.
ఆ సంతోషం మరీ తియ్యగుంది" అన్నాడు.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.
మూడేళ్ళుగా ఆ షావుకారుకి
వారం వడ్డీ కడుతున్నదాన్ని నేను.

ఆరోజు గ్లాసు
నా చేతిలోంచే తీసుకున్నాడు.

ఇప్పుడు రోజూ అతను వచ్చేలోపు
గ్లాసులతో పాటు మనసూ కడుక్కోవాలని చూస్తాను.
వడ్డీవాణ్ణి తలుచుకోను.
మా అమ్మాయి మెడ మీది మచ్చనీ
అది పెట్టిన అల్లుణ్ణీ తలుచుకోను.
నిండు బిందెతో
కిక్కిరిసిన బస్సు ఎక్కినట్టుంటుంది నాకు.
ఎక్కడో ఒకచోట తొణుకుతుంది.

మనవరాలికి జవాబు ఇంకా మార్చి చెప్పలేదు.
ఏమని చెప్పను,
అతను మంచోడేనే,
మనమే అతని చుట్టూ ఉన్నాం అనా?

డాల్ఫిన్స్ నోస్ మీద లైటు తిరుగుతూ ఉంటుంది.
ఎల్లాజీ గ్లాసు ఖాళీ చేసి
నా ముఖంలోకి చూస్తూ
"ఇంకొకటి" అంటాడు.

టీయే అడుగుతున్నాడనుకుని
పోస్తాను.