ఇతరములు

ఫారెస్టు ఆఫీసు నేలమాళిగలో
ముప్పై ఒకటో పెట్టె ఇవాళ విప్పాను.
పైన మోంటానా అక్టోబరు.
కింద నేనూ, ట్యూబులైటు మూలుగూ.

మొదట చేతికొచ్చింది రబ్బరు స్టాంపు.
ఎండి బిగుసుకున్న ఊదా సిరా మీద నోటి ఆవిరి ఊది
టిఫిన్ పొట్లం కాగితమ్మీద గుద్దితే
సగమే పడింది: "ర్టెన్ నేషనల్ ఫారె"
పుట్టుక పందొమ్మిదివందల ఎనిమిది, సంతకంతో.
చావు యాభై నాలుగు, అదీ సంతకంతోనే.
ఒక్క చెట్టూ కూలకుండా పోయిన అడవి అది.

ఎనిమిదికి ముందు కూడా దానికో పేరుండేదంది
పక్క గదిలో పనిచేసే డెల్ఫిన్ ఫిన్లే, సేలిష్ మనిషి.
ఏమిటది అని అడిగితే
"మీ ఫారంలో గడి ఉందా?" అని నవ్వి టీ కలుపుకుంది.

కారణం రెండు పేరాల్లో ఉంది:
పొదుపు. పరిపాలనా సౌలభ్యం.
శిఖరాల వెంబడి ఎర్ర పెన్సిలు గీత,
తూర్పు వాలు ఈ అడవికి, పడమటి వాలు ఆ అడవికి.
అన్నదమ్ములు పొలం పంచుకున్నా
బావి దగ్గరైనా ఒక పూట ఆగి పోట్లాడతారు,
ఇక్కడ అదీ లేదు.
గీత మీద కురిసిన మంచు మాత్రం
ఎటు కరగాలో ఎప్పుడో తెలిసినట్టు
రెండు పక్కలకీ జారింది.

అడుగున, నూనెగుడ్డలో చుట్టి, ఒక డైరీ.
కొండ మీది నిఘా గదిలో థియా రోస్టాడ్ చేతిరాత,
నిటారు అక్షరాలు, గాలి ఎక్కువున్న రోజుల్లో కాస్త వాలుతాయి.

"జూన్ 30. రేపటినుంచి ఈ అడవి లేదని కబురు.
కొండ దిగమని మాత్రం ఎవరూ అనలేదు.
జులై 1. సాయంత్రం నాలుగూ పది. సీడర్ వాగు తలాపున పొగ.
తూర్పు ఆఫీసు: అది పడమరది.
పడమర ఆఫీసు: మాకు పటం ఇంకా రాలేదు.
గాలి నైరుతి."

అప్పుడామె పాత ఆఫీసుకే తిప్పింది.
రెండు పొడుగు, ఒక పొట్టి, అదీ దాని గంట.
మా బళ్ళో అయితే రెండు గురువులు, ఒక లఘువు.
బల్లలు కూడా తరలిపోయిన గదిలో
గోడకి మిగిలిన టెలిఫోను
త-గణం, త-గణం, త-గణం.

బయట నిచ్చెన మీద ఎమిల్ వార్గా
బోర్డు మేకులు పీకుతున్నాడు.
ఆ అక్షరాలు ఇరవై ఏళ్ళ కింద తను ఉలితో చెక్కినవే.
బోర్డు గోడకానించి, లోపలికెళ్ళి, ఫోనెత్తి
అలవాటు కొద్దీ అన్నాడట:
"మార్టెన్."

పార, గొడ్డలి, మరో ఇద్దరు, ఒక కంచరగాడిద.
మూడు రోజులు. పదకొండెకరాలు.
నివేదికలో "అడవి పేరు" గడిలో ఎమిల్ పాత పేరే రాశాడు.
పైనుంచి ఎవరో కొట్టేసి, ఏం రాయాలో తేలక, వదిలేశారు.
లెక్కల ప్రకారం ఆ మంట ఎక్కడా అంటుకోలేదు.

మధ్యాహ్నం ఆగలేక సీడర్ వాగుకి పోయాను.
పెట్రోలు బంకు కుర్రాడు దారి చెబుతూ
"మార్టెన్ కాలిన చోటేగా" అన్నాడు.
వాళ్ళమ్మ కూడా అప్పటికి పుట్టి ఉండదు.

నల్లటి ఫర్ చెట్ల నడుమ
పదకొండెకరాల పసుపు.
లార్చ్ చెట్లు, అన్నీ ఒకే ఈడు,
ఒకే బళ్ళో ఒకే ఏడు చేరిన పిల్లల్లా
గీతకి అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి.
సూదాకులు రాలి కాలర్లో పడ్డాయి.
మెత్తగానే ఉన్నాయి.

తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను.
"అడవి" అన్నచోట మనం రాయకూడదు, ఎంచుకోవాలి.
జాబితాలో ఆ పేరు లేదు.
చిట్టచివర "ఇతరములు" ఉంది.
నొక్కాను.

డైరీని నూనెగుడ్డలో చుట్టేశాను.
స్టాంపు ఇంకా పెట్టెలో వెయ్యలేదు.
ఐదు దాటింది. పై అంతస్తులో ఫోను, అన్నీ పొడుగులే.
ఎవరో ఎత్తారు.
ఏ పేరు చెప్పారో వినబడలేదు.